గంగరాజు గొంతుకు ఉప్పునీళ్ళ లెక్క

ఉప్పునీళ్ళు కలపడానికి కనీసం వారం రోజులు పట్టాలి! అంతకంటే ముందే కలిసిపోయాయంటే, అయ్యా, మీ ఇంట్లో నాగరికత ఇంకా గడప తొక్కలేదన్నమాట.

నవ్వకండి. స్టీమరు ఆలస్యంగా రావడం వల్ల కలిగే లాభాల గురించి ఇదే పత్రికలో రాసినప్పుడు కూడా కొందరు ఇలాగే నవ్వారు. వాళ్ళే ఇప్పుడు రేవు ఒడ్డున పూటల తరబడి కూర్చుని ఓర్పు అనే సుగుణం అలవరచుకుంటున్నారు. కనుక ఈసారైనా నా మాట మర్యాదగా వినండి.

మా అమ్మ కాలంలో ఉప్పునీళ్ళు ఎలా కలిపేవారో తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. గొంతు నొప్పి అనగానే చెంబుడు వేణ్ణీళ్ళు తెచ్చేది, కుండలోంచి గుప్పెడు ఉప్పు తీసి అందులో పారేసేది, "ఇంద, పుక్కిలించి ఏడువు" అనేది. అంతే! చీటీ లేదు, డెసిమల్ లేదు, సంతకం లేదు. ఒకసారి ఉప్పు ఎక్కువై నాలుక పొక్కిపోయేది, ఇంకోసారి తక్కువై గొంతు ఉన్నది ఉన్నట్టే ఉండేది. ఇదీ ఒక వైద్యమేనా? గొంతు నొప్పి వచ్చిన మనిషికి ఊళ్ళో ఏమైనా గౌరవం ఉండేదా?

ఇప్పుడు చూడండి! ఈ కొత్త శతాబ్దంలో మా రేవుకు డిస్పెన్సరీ వచ్చింది. మద్రాసులో చదువు పూర్తి చేసుకుని కుర్ర డాక్టరు వీరవెంకటసత్యనారాయణ గారు వచ్చారు. ఆయన చీటీ కింద తన పూర్తి పేరు సంతకం చేసేలోపు చిన్నాచితకా జ్వరాలు వాటంతట అవే దిగిపోతాయి. అంతటి హస్తవాసి! ఆయన పుణ్యమా అని మా రేవులో ఉప్పునీళ్ళు ఎంత ఎత్తుకు ఎదిగాయో చెబుతాను.

మా జాలరిపేటలో గంగరాజు అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. పడవలు ఒడ్డుకు రాగానే పులసను చేత్తో పైకెత్తి వేలం పాట మొదలుపెట్టేది అతనే. ఇవతలి ఒడ్డున అతను కేకేస్తే అవతలి ఒడ్డున బేరగాళ్ళు మొలలో సంచులు తడుముకునేవారు. అలాంటి గొంతు ఈ వరదల్లో వానకు తడిసి, అరిచి అరిచి, ఒకనాటి పొద్దున్నే చెప్పాపెట్టకుండా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాదు.

పోతే పోయిందిలే, అదే వస్తుందిలే అని ఊరుకోవడానికి వీల్లేదు. ఆ వచ్చే శుక్రవారం పొద్దున్న మా రేవు ముందున్న గోదావరి పాయకు సర్కారు వేలం. వేలంలో పాయను పాడుకున్నవారిదే అందులో వల వేసే హక్కు, ఏడాది పొడుగునా. పేట పేటంతా ముంతలు బోర్లించి, ఉన్నదంతా ఊడ్చి, గంగరాజు పేరు మీద డిపాజిట్ కట్టింది. డిపాజిట్ కట్టిన మనిషే స్వయంగా, నోటితో, అందరికీ వినబడేటట్టు పాట పాడాలి, సైగలు చెల్లవు. ఇది వేలం రూలు. గంగరాజు నోరు పెగలకపోతే పాయ కాస్తా పల్లంరాజు పాలవుతుంది. పల్లంరాజంటే పడవల కాంట్రాక్టరు. జన్మలో వల పట్టి ఎరగడు కానీ, వల పట్టినవాడి చేపలో సగం పట్టుకుపోవడం మాత్రం బాగా ఎరుగును.

అందుకని గంగరాజు భార్య సుబ్బాయమ్మ మొగుణ్ణి రెక్క పట్టుకుని డిస్పెన్సరీకి లాక్కుపోయింది. నేనూ వెనకాలే వెళ్ళాను. నాకక్కడ ఏం పని అంటారా? పత్రికలో రాసేవాడికి పని లేని చోటంటూ ఉంటుందా?

డాక్టరు గారు గంగరాజు నాలుకను చెంచాతో అదిమి లోపలికి తొంగి చూశారు.

"గాబరా పడాల్సింది ఏమీ లేదండి. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే సరిపోతుంది" అన్నారు.

సుబ్బాయమ్మ మొహం వెలిగిపోయింది. "అంతేనాండీ? అయితే ఇప్పుడే కలిపేస్తానండి" అని కొంగు దోపుకుంది.

"ఆగండాగండి! ఎంత కలుపుతారు?"

"గుప్పెడండి."

డాక్టరు గారు బాధగా కళ్ళు మూసుకున్నారు. "గుప్పెడేంటండి, గుప్పెడు! ఎవరి గుప్పెడు? ఎక్కువైతే గొంతు పుండవుతుంది, తక్కువైతే పుక్కిలించినా దండగే. లీటరుకు అర గ్రాము మాలిక్యూలు ఉండాలి. అంతకు ఆవగింజంత అటూ ఇటూ కాకూడదు" అని చీటీ మీద రాసి, సంతకం మొదలుపెట్టారు. మేము కూర్చున్నాం.

పుండు అన్న మాట విన్న తర్వాత సుబ్బాయమ్మ ఇంటికి వెళ్ళి చేసిన మొదటి పని, ఉప్పు కుండను అటక మీదకు ఎక్కించెయ్యడం. పేటలో మిగతా ఇళ్ళవాళ్ళు కూడా ఎందుకొచ్చిన గొడవ అని తమ కుండలు అటక ఎక్కించారు. ఆ రాత్రి పులుసులన్నీ చప్పగా ఉన్నాయి. అయితేనేం? సైన్సు వచ్చిన మర్నాడే రుచి కూడా రావాలంటే ఎలా?

ఇక చీటీ సంగతి. ఆ గ్రాము మాలిక్యూలు ఏంటో మా రేవులో తెలిసినవాడు ఒక్కడే, మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పే ఏసుపాదం మేస్టారు. తేలని లెక్క ఒకటి ఊళ్ళో ఉందని తెలిస్తే ఆయనకు అన్నం సయించదు. కబురు అందగానే చేతిలో ముద్ద కంచంలో వదిలేసి వచ్చారు. వస్తూనే గంగరాజు ఇంటి తలుపు మీద సుద్దముక్కతో మొదలుపెట్టారు.

"చూడండి, ఉప్పులో రెండు సరుకులున్నాయి. సోడియం పాలు ఇరవై మూడు, క్లోరిన్ పాలు ముప్పై అయిదున్నర. కలిపితే యాభై ఎనిమిదిన్నర. అన్ని గ్రాముల ఉప్పయితే ఒక గ్రాము మాలిక్యూలు. మనకు కావలసింది అందులో సగం, ఇరవై తొమ్మిదింపావు గ్రాములు. అది లీటరు ఉప్పునీళ్ళలో ఉండాలి. అంతేనండి!"

"అంతేనా మేస్టారూ? మరి లీటరంటే ఎంతండి?" అంది సుబ్బాయమ్మ.

అక్కడ ఆగిపోయింది. డిస్పెన్సరీకి వచ్చిన లీటరు గ్లాసు స్టీమరులోనే పగిలి గాజుపెంకులుగా దిగింది. మానికతో కొలుద్దామా అంటే, మా రేవు మానికకూ అవతలి ఒడ్డు మానికకూ తాతల నాటి నుంచి మాటలు లేవు. మా మానికలోది ఆ మానికలో పోస్తే పొర్లిపోతుంది. చివరికి అందరం మళ్ళీ డాక్టరు గారి దగ్గరికే వెళ్ళాం.

"దానికేముందండి, తూకంలోకి మార్చుకోండి! వంద పాళ్ళ బరువు ఉప్పునీళ్ళలో ఉప్పు ఎన్ని పాళ్ళో తేల్చండి. పర్సెంటు అన్నమాట. చిన్న లెక్కేనండి" అన్నారాయన.

చిన్న లెక్క! ఆ మాట అన్న నోటికి నేను మొక్కుతాను. మనిషి జాతిని ముందుకు నడిపించినవన్నీ ఇలాంటి చిన్న లెక్కలే కదా?

ఏసుపాదం మేస్టారు ఆదివారం ఆరాధన అయ్యీ అవగానే తలుపు తుడిచి మళ్ళీ మొదలుపెట్టారు. లీటరు వెయ్యి గ్రాములు. అందులో ఉప్పు ఇరవై తొమ్మిదింపావు. కనుక వందకు రెండు పాయింటు తొమ్మిది రెండు అయిదు. పేట ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. గంగరాజు మేస్టారి చేతులు పట్టుకుని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు, మాట రాదు కదా పాపం.

సోమవారం డాక్టరు గారు వచ్చి తలుపు చూసి, పెదవి విరిచారు. "మేస్టారూ, వెయ్యి గ్రాములు తూగేది లీటరు మంచినీళ్ళండి. మనది లీటరు ఉప్పునీళ్ళు. ఉప్పు కలిశాక అదే లీటరు వెయ్యిన్నీ పందొమ్మిది గ్రాములు తూగుతుంది. దాంతో భాగించాలి."

భాగిస్తే రెండు పాయింటు ఎనిమిది ఏడు వచ్చింది.

ఇక్కడే, పాఠకమహాశయులారా, ఆ లెక్క వల్ల కలిగిన మేలు చూడండి! అప్పటిదాకా మా పేటలో జనం చేప ముక్క గురించి, చెంబు గురించి, అడ్డమైన వాటి గురించీ కొట్టుకునేవారు. సోమవారం నుంచి డెసిమల్స్ గురించి కొట్టుకోవడం మొదలుపెట్టారు. మేస్టారి మొదటి లెక్కే నిజమనేవాళ్ళు తొంభై రెండు వర్గం, డాక్టరు గారిదే నిజమనేవాళ్ళు ఎనభై ఏడు వర్గం. ఒక వర్గం పడవ ఇంకో వర్గం తోయదు. ఎనభై ఏడు వారి పిల్లను తొంభై రెండు వారి ఇంట్లో ఇస్తామని అనుకున్న సంబంధం తాంబూలాల దాకా వచ్చి ఆగిపోయింది. "ఆ తేడా ఉప్పు మీ ఇంటాయన గొంతులో పోసుకోండి" అని పెళ్ళికూతురు తల్లి అందట. ఇంతటి గణిత చైతన్యం కాలేజీలున్న పట్నాల్లో మాత్రం ఉందా, చెప్పండి?

గంగరాజు మాత్రం అరుగు మీద కూర్చుని శుక్రవారం ఎప్పుడని వేళ్ళు మడుచుకుంటున్నాడు. మధ్యలో ఒకసారి గొంతు సవరించుకుని నోరు తెరిచాడు. పిల్లి కూత లాంటిది ఒకటి వచ్చింది. సుబ్బాయమ్మ నా దగ్గరికి వచ్చింది.

"బాబుగారండీ, మీరు చదువుకున్నోరు. ఆ లెక్క తేలేదాకా చిటికెడైనా ఎయ్యకూడదంటారా ఏంటండి? ఆయన నోరు రాకపోతే పేటోళ్ళ మొహం నేనెలా చూడనండి?"

నేను ఆమెకు సైన్సు మహిమ గురించి చాలాసేపు చెప్పాను. ఆమె చాలా మర్యాదగా విని, మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది.

చీటీ మీద సంతకం డాక్టరు గారిది కనుక, బుధవారానికి ఆయన లెక్కతోనే కలపడం మొదలైంది. వంద తులాల ఉప్పునీళ్ళకు ఉప్పు రెండు పాయింటు ఎనిమిది ఏడు తులాలు, నీళ్ళు తొంభై ఏడు పాయింటు ఒకటి మూడు తులాలు. ఉప్పు తూచడానికి కంసాలి త్రాసు తెచ్చారు. నీళ్ళు తూచడానికి సుబ్బాయమ్మ చేపల తక్కెడ తప్ప గతి లేదు. దాన్ని కడిగి, తోమి, మళ్ళీ కడిగారు. ఆ వాసన ఎన్ని పర్సెంటో డాక్టరు గారు చెప్పలేదు.

ఉప్పు కొట్టు అచ్చాయమ్మ స్వయంగా వచ్చి కంసాలి త్రాసులో ఉప్పు పోసింది. మేస్టారు కళ్ళద్దాలు సవరించుకుని, ఊపిరి బిగబట్టి, ముల్లు నిలిచేదాకా చూశారు. నిలిచింది! "సరిగ్గా!" అని కేకేశారు. ఆ కేక ఇంకా గాల్లో ఉండగానే అచ్చాయమ్మ చెయ్యి సంచిలోకి వెళ్ళి వచ్చి, ఇంకో చిటికెడు ఉప్పు త్రాసులో రాల్చింది.

"అదేంటమ్మా!" అన్నారు మేస్టారు గుండె పట్టుకుని.

"కొసరండి" అంది అచ్చాయమ్మ. "కొసరు లేకుండా ఉప్పిచ్చానంటే రేపు నా కొట్టు గడప ఎవరు తొక్కుతారండి?"

మా గోదావరి సీమ బయట ఉన్న పాఠకులు ఎవరైనా ఉంటే, వారి కోసం ఒక ముక్క. ఇక్కడ తూకం అయిపోయిందంటే బేరం అయిపోయినట్టు కాదు. తూచిన దాని మీద అమ్మేవాళ్ళు కాస్త వెయ్యాలి, కొనేవాళ్ళు ఇంకాస్త అడగాలి. అదే కొసరు. వంకాయలకు కొసరు, బెల్లానికి కొసరు, చేపలకు కొసరు. అది వెయ్యనివాణ్ణి మనిషిగా లెక్కపెట్టం.

మేస్టారు ఉప్పంతా పారబోసి మళ్ళీ తూచారు. ఈసారి అచ్చాయమ్మను వీధి అవతల నిలబెట్టారు. ఉప్పు కుదిరింది. ఇక నీళ్ళు. సుబ్బాయమ్మ తక్కెడ పట్టుకుంది. తూకం సరిపోయింది. సరిపోయిన మరుక్షణం, పాతికేళ్ళుగా చేపలమ్మిన ఆ చెయ్యి ఎవరి మాటా వినకుండా చెంబు వంచి ఇంకో గుక్కెడు నీళ్ళు పోసింది.

"అయ్యో, చెయ్యి తిరిగిపోయిందండి!" అని సుబ్బాయమ్మ తనే నెత్తి కొట్టుకుంది.

మళ్ళీ పారబోశారు. గురువారం మధ్యాహ్నం మేస్టారు అందరినీ వాకిట్లోకి తోలి, తలుపు గడియ పెట్టుకుని, ఒంటరిగా ఉప్పూ నీళ్ళూ రెండూ తూచారు. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆయన మొహం పాలిపోయి ఉంది.

"ఏమైందండీ?"

"ఉప్పు తూచానండి. సరిగ్గా తూగింది. తూగాక..." అని మేస్టారు తన బొటనవేలి వైపు చూసుకున్నారు. "మా అమ్మ కూడా కూరలమ్మేదండి."

డాక్టరు గారికి కోపం వచ్చింది. "ఈ కొసరు అలవాటే దేశాన్ని పాడుచేస్తోందండి! సైన్సులో కొసరుండదు! ఉన్నది ఉన్నట్టు, ఎంతో అంతే!" అని అరిచారు. ఆ మాట నాకెంతో నచ్చింది. ఇంటికి వెళ్ళి గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను.

శుక్రవారం తెల్లవారింది. డాక్టరు గారే స్వయంగా వచ్చి, సుబ్బాయమ్మను చేతులు వెనక్కి కట్టుకోమని, అచ్చాయమ్మను ఊరి చివరకు పంపి, మేస్టారిని గోడవైపు తిప్పి నిలబెట్టి, తన చేత్తో తూచి కలిపారు. రెండు పాయింటు ఎనిమిది ఏడు! కొసరు లేదు! మా రేవు చరిత్రలో కొసరు పడని మొదటి తూకం అదే. చెంబు పట్టుకుని అందరం పరుగో పరుగున వేలం జరిగే ఒడ్డుకు చేరాం.

వేలం ఆఫీసరు గారు అప్పటికే గొడుగు కింద కుర్చీ వేయించుకుని కూర్చుని ఉన్నారు. స్టీమరు ఆవేళ, మా ఖర్మ కాలి, సమయానికే వస్తోందట. ఆయనకు దాన్ని అందుకోవాలనే తొందర. పల్లంరాజు పట్టుపంచె కట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

గంగరాజు నోటి నిండా ఉప్పునీళ్ళు పోసుకుని ఆకాశం వైపు తలెత్తాడు. డాక్టరు గారు గడియారం చేత్తో పట్టుకుని, "నేను చెప్పేదాకా ఉమ్మకండి" అన్నారు. గంగరాజు గొంతులో గళగళా మొదలైంది.

"రేవు పాయ. పల్లంరాజు గారి పాట. ఒకటోసారి రెండోసారి..." అన్నారు ఆఫీసరు గారు, ఒకే ఊపిరిలో.

గంగరాజు రెండు చేతులూ పైకెత్తి ఆడించాడు.

"సైగలు చెల్లవు. నోటితో పలకాలి."

"ఉమ్మెయ్యండి! ఉమ్మేసి పలకండి!" అని సుబ్బాయమ్మ గుండెలు బాదుకుంది.

"ఇంకా టైము కాలేదండి!" అన్నారు డాక్టరు గారు.

"మూడోసారి!" అన్నారు ఆఫీసరు గారు. బల్ల మీద కర్ర పడింది.

గంగరాజు ఉన్నదంతా ఒక్క గుటకలో మింగేశాడు. ముంతల్లోంచి ఊడ్చి కట్టినవాళ్ళు, తొంభై రెండు వర్గం, ఎనభై ఏడు వర్గం, అందరూ ఒకచోటే నిలబడ్డారు. ఈలోగా ఆఫీసు గుమాస్తా కాగితం తీసి పాయ సరిహద్దులు చదవడం మొదలుపెట్టాడు.

"తూర్పున సుమారు రేవు మెట్ల వరకు. పడమర సుమారు పెద్ద ఇసుక మేట వరకు. వెడల్పు సుమారు..."

"సుమారేంటండీ బాబూ!"

ఆ కేక ఎవరిదో ముందు ఎవరికీ అర్థం కాలేదు. అవతలి ఒడ్డున బేరగాళ్ళు మొలలో సంచులు తడుముకున్నారట. గంగరాజు గొంతు వచ్చేసింది! గోదావరి మీద కొంగలు లేచిపోయాయి. డాక్టరు గారు గడియారం మూసి, "చూశారా, సరిగ్గా పనిచేసింది!" అని నా చెయ్యి ఊపేశారు.

ఆఫీసరు గారు విసుక్కున్నారు. "సుమారంటే సుమారేనయ్యా. గోదావరిని తూకం వేసి ఇస్తారా ఏంటి ఎక్కడైనా?" అని గొడుగు ముడిపించి స్టీమరెక్కారు.

అప్పటి నుంచీ ఆ సుమారు దినదిన ప్రవర్ధమానం అవుతోంది. మొదటి నెలలో అది రేవు మెట్ల దగ్గరే ఉండేది. తర్వాత మెట్లు దాటి చాకిరేవు బండల దాకా వచ్చింది. ఇప్పుడు ఆడవాళ్ళు బుట్టలతో రొయ్యలు పట్టుకునే గండి కూడా సుమారులోదే అంటున్నాడు పల్లంరాజు. మొన్న వరద నీరు సుబ్బాయమ్మ పెరట్లోకి వస్తే, పల్లంరాజు మనిషి వచ్చి, పెరట్లో దొరికిన చేపలో సగం ఇమ్మన్నాడు. గంగరాజు అరిచాడు. బ్రహ్మాండంగా అరిచాడు. ఆ గొంతుకు ఇప్పుడు ఏ లోటూ లేదు, పాడడానికి పాటే లేదు.

పడవ ఒడ్డుకు వస్తే పులసను పైకెత్తేది ఇప్పుడు పల్లంరాజు మనిషి. పట్టినవాడికి సగం. నిన్న సుబ్బాయమ్మ అదే తక్కెడ పట్టుకుని మా వీధికి వచ్చింది. నాకు ఇంత ముక్క తూచి, అలవాటుగా కొసరు కోసం చెయ్యి బుట్టలోకి పెట్టి, వెనక్కి తీసేసుకుంది.

"కొసరెయ్యడానికి మిగల్లేదండి బాబుగారూ" అంది. బుట్ట నెత్తికెత్తుకుంటూ, "అయినా నాకు తెలీక అడుగుతానండి. మేం గుక్కెడు నీళ్ళు ఎక్కువ పోస్తే దేశం పాడైపోద్దన్నారు కదండీ డాక్టరు బాబు. మరి సర్కారోళ్ళు పల్లంరాజు గారికి మా ఏరంతా కొసరేసేశారు, అది తప్పు కాదాండి?" అంది.

నేను గోడ మీద బొగ్గు రాత వైపు చూసి, చేప పట్టుకుని లోపలికి వచ్చేశాను.

కాబట్టి, సైన్సు వర్ధిల్లాలి! డెసిమల్ వర్ధిల్లాలి! సర్కారు వారికి నా విన్నపం ఒకటే. ఏసుపాదం మేస్టారు తలుపు తుడిచి, సుద్దముక్క పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. మా గంగరాజు గొంతులో పోసింది రెండు పాయింటు ఎనిమిది ఏడు. మీ కాగితంలో పోసిన సుమారు ఎంత? తూకంలో చెప్పినా సరే, కొలతలో చెప్పినా సరే, మార్చుకోవడం మాకు వచ్చు.